సమాన వేతనం: సినిమా చూసి నమ్మేవి, కేసుల్లో కనిపించేవి

కార్మిక చట్టాల కేసులు చూసే లాయర్ని నేను. జీతంలో తేడా గురించి నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది, "గట్టిగా ఒక్కసారి అడిగేస్తే అయిపోతుంది కదా మేడమ్". ఈ నమ్మకం చాలావరకు సినిమాల నుంచే వచ్చిందని నా అభిప్రాయం. అందుకే యూనియన్ వాళ్లు క్లాసుకి పిలిస్తే 2010లో వచ్చిన బ్రిటిష్ సినిమా 'మేడ్ ఇన్ డాగెన్‌హామ్' వేసి, ఆపి ఆపి మాట్లాడతాను. లండన్ దగ్గర డాగెన్‌హామ్‌లో ఫోర్డ్ కార్లకు సీటు కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు 1968 జూన్‌లో చేసిన సమ్మె కథ అది. నాకు చాలా ఇష్టమైన సినిమా, కానీ దాన్ని చూసి జనం పెట్టుకునే నమ్మకాలు కొన్ని ప్రమాదం.

అపోహ: ధైర్యమున్న ఒక మనిషి లేస్తే చాలు.

వాస్తవం: సినిమాలో ముందు నిలబడే రీటా ఓగ్రేడీ కల్పిత పాత్ర. నిజంగా నడిపించింది రోజ్ బోలాండ్, ఐలీన్ పులెన్, వెరా సైమ్, గ్వెన్ డేవిస్, షీలా డగ్లస్ లాంటి చాలామంది. ఒక్కరే వచ్చి ఫిర్యాదు పెడతానంటే నేను పంపించేసి, కనీసం ముగ్గురు కలిసి రమ్మంటాను.

అపోహ: వాళ్లు అడిగింది మగవాళ్లతో సమానంగా జీతం, అంతే.

వాస్తవం: గొడవ మొదలైంది గ్రేడు దగ్గర. ఉద్యోగంలో చేరాలంటే కుట్టులో పరీక్ష నెగ్గాలి, అయినా కంపెనీ వాళ్లని నైపుణ్యం తక్కువ అని 'బి' గ్రేడులో పడేసింది, పైగా ఆ గ్రేడు మగవాళ్లకిచ్చే దాంట్లో 85 శాతమే ఇచ్చేది. సినిమాలో రీటా మీటింగులో సంచిలోంచి సీటు కవరు ముక్కలు తీసి బల్ల మీద పెట్టి, కొలత నమూనా కూడా లేకుండా వీటిని కలిపి కుట్టాలని చెబుతుంది చూడండి, మొత్తం సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైన సీను అదే. ఉపన్యాసాలన్నీ దాని తర్వాతే.

ఆ సీను నాకు ఒక కేసులో ఎదురైంది. రెడీమేడ్ బట్టల యూనిట్‌లో పనిచేసే ఒకామె నాలుగు మడతలు పెట్టిన పే స్లిప్పు పర్సులోంచి తీసింది. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద తొమ్మిదేళ్లు, స్లిప్పులో మాత్రం 'హెల్పర్'. పక్క మిషన్ మీద అదే పని చేసే అబ్బాయి 'ఆపరేటర్'. విచారణలో అధికారి నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే, కాలర్ మూల తిప్పేటప్పుడు ముడత పడకుండా గుడ్డని ఏ వేలితో ఎంత లాగాలో చేత్తో చూపించింది. నా వాదన కంటే అదే ఎక్కువ పనిచేసింది, నేను నేర్చుకుంది కూడా అక్కడే.

అపోహ: మంత్రి గారితో మాట్లాడాక గెలిచేశారు.

వాస్తవం: బార్బరా కాజిల్ అనే మంత్రి వాళ్లని పిలిచి మాట్లాడిన మాట నిజమే. వచ్చింది మాత్రం మగవాళ్ల రేటులో 92 శాతం. బ్రిటన్‌లో సమాన వేతన చట్టం 1970లో చేశారు, అమలు 1975 డిసెంబరు 29 నుంచి. మరి ఆ గ్రేడు? అసలు దేనికోసం మిషన్లు ఆపారో ఆ 'సి' గ్రేడు, అంటే నైపుణ్యం ఎక్కువున్న పనికిచ్చే గ్రేడు, 1984లో, ఇంకో సమ్మె తర్వాత వచ్చింది. పదహారేళ్లు. క్లాసులో ఈ సంవత్సరాలు బోర్డు మీద రాసినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడరు.

అపోహ: ఎప్పుడు తెలిస్తే అప్పుడు కేసు వేయొచ్చు.

వాస్తవం: అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్‌కి తన తోటి మగ సూపర్‌వైజర్లకు ఎంత వస్తుందో ఎవరో పేరు లేకుండా పెట్టిన చీటీ వల్ల తెలిసింది. జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా ఇమ్మంది, 2007లో సుప్రీంకోర్టు గడువు దాటిందని కొట్టేసింది. ఆమె పేరు మీద 2009లో చట్టం వచ్చింది, ఆమెకి ఆ డబ్బు రాలేదు. ఆమె మీద కూడా సినిమా వచ్చింది. మీకు తేడా తెలిసిన రోజునే తారీఖు వేసి రాసి పెట్టుకోండి.

అపోహ: కంపెనీ నష్టాల్లో ఉంటే, ఉద్యోగం పేరు వేరైతే మనం అడగలేం.

వాస్తవం: ఆడ్రీ డికాస్టా అనే స్టెనోగ్రాఫర్ వేసిన కేసులో, లేడీ స్టెనోగ్రాఫర్లది వేరే పని అని కంపెనీ వాదించింది. 1987లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, యాజమాన్యానికి స్తోమత లేదన్నది కూడా సాకు కాదంది. అప్పటి మన 1976 సమాన వేతన చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ వచ్చింది, దాంట్లోనూ చూసేది నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యతే. కాబట్టి నా దగ్గరికి వచ్చేటప్పుడు పే స్లిప్పుతో పాటు, పొద్దున మిషన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి మీరేం చేస్తారో, పక్కన మగ ఉద్యోగి ఏం చేస్తాడో రెండు కాగితాల మీద రాసుకుని రండి.