ష్వెరీన్ వీకెండ్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

జర్మనీలోని హాంబర్గ్‌లో ఉంటూ ఇక్కడి తెలుగు కుటుంబాలకు ట్రిప్పులు ప్లాన్ చేసి పెడుతుంటాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చే వేసవి నెలల్లో నా ఫోన్‌కి తీరిక ఉండదు. "రెండు రోజుల్లో చూసి రాగలిగే మంచి ప్యాలెస్ ఏదైనా చెప్పండి" అని అడిగితే నేను ముందు చెప్పే పేరు ష్వెరీన్. లక్ష లోపు జనాభా ఉన్న ఊరు, చుట్టూ చెరువులు, మధ్యలో దీవి మీద ప్యాలెస్. కానీ ఆ పేరు చెప్పగానే ఎదురయ్యే మాటల్లో చాలావరకు తప్పే, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అపోహ: "అది న్యూష్వాన్‌స్టైన్‌కి కాపీ అట కదా, వెళ్తే ఒరిజినల్‌కే వెళ్దాం."

న్యూష్వాన్‌స్టైన్ అంటే దక్షిణ జర్మనీలోని పేరున్న ప్యాలెస్. ప్రచారంలో ష్వెరీన్‌కి వాడే "ఉత్తరాది న్యూష్వాన్‌స్టైన్" అనే పేరు వల్ల వచ్చిన చిక్కు ఇది. సంవత్సరాలు చూడండి చాలు. ష్వెరీన్ ప్యాలెస్ ఇప్పటి రూపానికి వచ్చింది 1857లో, న్యూష్వాన్‌స్టైన్‌కి పునాదిరాయి వేసింది 1869లో. ముందు పుట్టింది వెనక పుట్టినదానికి కాపీ ఎలా అవుతుంది? ష్వెరీన్ కట్టినవాళ్లు నమూనాగా పెట్టుకున్నది ఫ్రాన్స్‌లోని షాంబోర్ ప్యాలెస్‌ని. ఇంకో మాట, కోట అనగానే మనకు గోల్కొండ గుర్తొస్తుంది, బురుజులు, ఫిరంగులు ఉంటాయనుకుంటాం. ఇది అలాంటిది కాదు, రాజకుటుంబం కాపురం ఉన్న భవనం, పోల్చాలంటే చౌమహల్లా దగ్గరగా ఉంటుంది.

అపోహ: "ఉన్నది ఒక్క ప్యాలెస్సే, సగం రోజు చాలు."

నాకు బాధ కలిగించేది ఈ మాటే. 2024 జులైలో యునెస్కో ష్వెరీన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఆ సమావేశం జరిగింది మన న్యూఢిల్లీలోనే, అస్సాంలోని మొయిదాములు (అహోం రాజుల సమాధి దిబ్బలు) కూడా అదే సమావేశంలో చోటు దక్కించుకున్నాయి. అయితే యునెస్కో చేర్చింది ప్యాలెస్ ఒక్కదాన్నే కాదు, ఆ రాజుల కాలపు నివాస నగరం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని 38 అంశాలను చేర్చింది. తోటలు, చర్చిలు, ఆఫీసు భవనాలు, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే ఉన్న ఫాఫెన్‌టైష్ అనే చెరువు, అన్నీ అందులోవే. పొద్దున వచ్చి మధ్యాహ్నం రైలెక్కితే మీరు చూసింది ఫోటోలో ఉన్నదే. ఒక రాత్రి ఉండండి. సాయంత్రం పగటి పర్యాటకులు వెళ్లిపోయాక వంతెన దగ్గర నిలబడితే ప్యాలెస్ నీడ నీళ్లలో కదులుతూ కనిపిస్తుంది, పైన ద్వారం మీద గుర్రమెక్కిన నిక్లోట్ విగ్రహం ఉంటుంది. 1160లో జర్మన్ల చేతిలో చనిపోయిన స్లావ్ నాయకుడు ఆయన, ఆ తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన వంశానికి మూలపురుషుడు. దీవి మీది బుర్గ్‌గార్టెన్ అనే కోట తోట, వంతెన అవతలి పెద్ద తోట, రెండింటికీ టికెట్ లేదు. పిల్లలుంటే పేటర్‌మెన్‌షెన్ కథ ముందే చెప్పండి, ప్యాలెస్‌లో తిరిగే పొట్టి దయ్యం, చేతిలో తాళంచెవుల గుత్తి. లోపల వాడి బొమ్మ ఎక్కడుందో వెతకమంటే పిల్లలు కాళ్లు నొప్పులని ఒక్క మాట అనరు.

అపోహ: "టికెట్ కొన్నాం కాబట్టి గదులన్నీ చూపిస్తారు."

ఆరు వందలకు పైగా గదులున్నాయి, మ్యూజియంలో చూసేది కొన్నే. 1990 నుంచి ఈ ఊరున్న మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మెర్న్ రాష్ట్ర శాసనసభ ఈ భవనంలోనే నడుస్తోంది. 1913లో అగ్నిప్రమాదంలో కాలిపోయిన భాగంలో 2017 నుంచి సభామందిరం ఉంది. దీనికి నిరుత్సాహపడక్కర్లేదు, సింహాసనం గది ఒక్కటి నింపాదిగా చూసినా టికెట్ డబ్బులు వచ్చేసినట్టే.

అపోహ: "డాయిచ్‌లాండ్ టికెట్ ఉందిగా, ఏ రైలైనా ఎక్కొచ్చు."

డాయిచ్‌లాండ్ టికెట్ దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ టికెట్. ఐసీ, ఐసీఈ అనే దూరప్రాంత వేగపు రైళ్లలో అది చెల్లదు, ఫైన్ పడుతుంది. హాంబర్గ్ నుంచి ఆర్‌ఈ అనే ప్రాంతీయ రైలులో దాదాపు గంటన్నర ప్రయాణం, అందులో చెల్లుతుంది. చూడటానికి వచ్చిన పెద్దవాళ్లకు మాత్రం అది తీసుకోవద్దంటాను, నెలకు 63 యూరోలు (2026 ధర), పైగా చందా పద్ధతి, ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల కూడా కోత పడుతుంది. అమ్మానాన్న, మీరిద్దరూ కలిస్తే మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మెర్న్ టికెట్ చూడండి. ఐదుగురి వరకు ఒకే టికెట్, హాంబర్గ్‌లో కూడా చెల్లుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే మొదలు, మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాత. ఒక్క రోజుకే అని మర్చిపోకండి, రాత్రి ఉంటే తిరుగు ప్రయాణానికి ఇంకోటి కొనాలి. పట్టాల పనులు ఎప్పుడూ ఏదో ఒకచోట జరుగుతూనే ఉంటాయి కాబట్టి ముందు రోజు రాత్రి యాప్‌లో ఒకసారి చూసుకోండి.

అపోహ: "లాంగ్ వీకెండ్ కదా, ప్యాలెస్‌ని సోమవారానికి పెట్టుకుందాం."

ప్యాలెస్ మ్యూజియానికి సోమవారం సెలవు. మొదట్లో ఒక కుటుంబానికి నేను ఇదే తప్పు చేశాను. ఆ అంకుల్ డెబ్బై ఏళ్ల మనిషి, మూసిన తలుపు ముందు నిలబడి "పర్లేదమ్మా, తోటన్నా చూద్దాం" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి ఎవరికి ప్లాన్ రాసినా ప్యాలెస్ శనివారమే. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి, పెద్దవాళ్లకు పెరుగు, పండ్లు శనివారం సాయంత్రానికే కొని పెట్టుకోండి. శాకాహారులైతే పులిహోర డబ్బా ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ఇంక టెన్షన్ ఉండదు.

మరి ఆదివారం ఏం చేయాలి? చాలామంది విస్మార్ వెళ్తారు, సముద్రం ఉంది, బాగుంటుంది. నేనైతే లూడ్విగ్స్‌లుస్ట్ అంటాను, రైల్లో అరగంట దూరం. 1764లో రాజదర్బారు ష్వెరీన్ వదిలి అక్కడికి మారింది, మళ్లీ 1837లో వెనక్కి వచ్చింది. అక్కడి ప్యాలెస్‌లో బంగారు హాలు ఉంది. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. దూరం నుంచి చూస్తే గోడల మీద పూలు, తీగలు, అన్నీ చెక్కి బంగారం పూసినట్టుంటాయి. అవి చెక్కవి కావు, కాగితం. పాత కాగితాలను జిగురుతో పొరలు పొరలుగా అచ్చుల్లో అదిమి, ఆరబెట్టి, రంగు వేశారు. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు ఒక పువ్వు ముందు ఆగిపోయి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మాది కొండపల్లి దగ్గర. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మల ముక్కులూ చెవులూ అతికించడం చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. "ఇది మక్కు పనే" అంది, చేతులు వెనక్కి కట్టుకుని, పొరపాటున తగులుతాయేమోనని.