పడుగుకు గంజి, జడకు కడుగు

వెంకటగిరి వీధుల్లో పొద్దున్నే పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాచి గంజి పట్టించడం చూసినవాళ్ళకు ఈ వ్యాసంలో సగం ముందే తెలిసినట్టు. మగ్గం మీద నూలుపోగు వేలసార్లు రాసుకుంటుంది. గంజి లేకపోతే నూగు లేచి, పలచబడి, పుటుక్కున తెగిపోతుంది. అందుకే కుంచెతో గంజి పట్టించి ఎండకు ఆరనిస్తారు. ఆరిన గంజి పోగు చుట్టూ పలచని పొరై నూగును అణచిపెడుతుంది. పోగు కొత్తగా పుట్టదు, పొడవూ పెరగదు. ఉన్న పోగు తెగకుండా నిలుస్తుంది, అంతే.

బియ్యం కడిగిన నీళ్ళు, అంటే కడుగు, తలకు పోసుకుంటే జరిగేది కూడా చాలావరకు ఇదే. తిరుపతిలో ఇప్పుడు ఏ ఇంట్లో ఆడపిల్లను కదిపినా ఈ నీళ్ళు పోసుకుంటే జుట్టు బలంగా, పొడుగ్గా పెరుగుతుందన్న మాట వస్తోంది. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాం అంటారు. మా అమ్మమ్మ కాలంలో కడుగు, వార్చిన గంజి రెండూ కుడితి తొట్టిలోకే పోయేవి. తలంటు రోజున మాత్రం గంజిలో సీకాయపొడి కలిపి రుద్దేది. ఇప్పుడు కుక్కర్లో అత్తెసరు పెట్టేస్తున్నాం కాబట్టి గంజి మాయమైంది, కడుగు ఒక్కటే మిగిలింది.

ఈ రెండూ ఒకటి కాదు. బియ్యపు పిండిపదార్థం కంటికి కనిపించనంత చిన్న రేణువుల్లో ఉంటుంది. ఒక్కో రేణువు మూడు నుంచి ఎనిమిది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన మూడు నుంచి ఎనిమిది. వెంట్రుక మందం సుమారు 60 నుంచి 100 మైక్రాన్లు. చన్నీళ్ళలో ఈ రేణువులు కరగవు, తేలుతూ ఉంటాయి. కడుగు తెల్లగా కనిపించేది అందుకే, కాసేపు కదపకుండా ఉంచితే అడుగున పేరుకునేదీ అందుకే. నీళ్ళ వేడి 70 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చినప్పుడు రేణువులు ఉబ్బి, పగిలి, చిక్కటి జిగురవుతాయి. అదే గంజి. పొర కట్టే గుణం ఎక్కువగా గంజిది. కడుగులో ఆ గుణం తక్కువ, కానీ తవుడు నుంచి వచ్చిన కొద్దిపాటి ప్రొటీన్లు, ఖనిజాలు, ఇనాసిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం ఉంటాయి.

మరి అవి జుట్టుకు బలమా? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. దీని గురించి ఆలోచించడానికి మన తిరుమల కల్యాణకట్ట కంటే మంచి చోటు లేదు. అక్కడ రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు. కత్తి తగిలితే తలకు నొప్పి పుడుతుంది గానీ వెంట్రుకకు పుట్టదు. చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో జీవకణాలు లేవు. అది కెరాటిన్ అనే ప్రొటీన్‌తో అల్లిన పోగు. దాని పైన చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకున్న పొర ఉంటుంది. ప్రాణమంతా చర్మం లోపలి కుదురులో ఉంది. గుండు గీసినా ఆ కుదురు ఆగకుండా పని చేస్తుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. దానికి కావలసిన ప్రొటీన్, ఇనుము రక్తంలోంచి రావాలి. పైన పోసిన పోషకాలను వెంట్రుక తినలేదు. ఆ మాటకొస్తే కుడితి తాగిన ఆవు దాన్ని సరైన దారిలోనే తీసుకునేది.

అయినా కడుగు పనికిరాదని నేను అనను. పాత జపాన్‌లో చక్రవర్తి కొలువులోని స్త్రీలు బియ్యం కడిగిన నీళ్ళతో జడలు దువ్వుకునేవారని చెబుతారు. ఆ అలవాటును పట్టుకుని జపాన్ పరిశోధకులు 2010లో పరీక్షించి చూశారు. వెంట్రుకల మధ్య రాపిడి తగ్గిందని, సాగే గుణం మెరుగైందని తేలింది. దువ్వెన చిక్కుపడకుండా దిగితే చివర్లు విరగడం తగ్గుతుంది, జడ పొడవు నిలుస్తుంది. పడుగు సంగతే ఇక్కడా.

చైనాలోని హువాంగ్లువో గ్రామంలో యావో అనే తెగ స్త్రీల జుట్టు సుమారు మీటరున్నర ఉంటుందంటారు. వాళ్ళు పులిసిన బియ్యపు నీళ్ళు వాడతారన్నది నిజమే. కానీ చిన్న లెక్క వేయండి. ఏడాదికి 12 సెంటీమీటర్లు పెరిగితే మీటరున్నరకు పన్నెండేళ్ళకు పైగా కావాలి. మామూలుగా ఒక వెంట్రుక పెరిగేది రెండు నుంచి ఆరేళ్ళు, తర్వాత రాలిపోతుంది. ఎక్కువ ఏళ్ళు పెరిగే కుదురు వంశంలో రావాలి, జుట్టును కత్తిరించకుండా కాపాడుకోవాలి. నీళ్ళు ఆ కాపాడటంలో ఒక భాగం.

పులియబెట్టడంలోనూ కొంత అర్థముంది. పులిసిన నీళ్ళలో లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. ఆమ్లం తగిలితే వెంట్రుక మీది పొలుసులు దగ్గరగా సర్దుకుని జుట్టు నిగనిగలాడుతుంది. తిరుపతిలో కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే ఇళ్ళ సంగతి వేరు. బోరు మీదే బతికే కాలనీల్లో కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా జుట్టుకు పడతాయి. అక్కడ తలంటుకున్నాక పుల్లని నీళ్ళతో కడగడం మంచిదే. కాకపోతే మన మే నెల ఎండలకు కడుగు ఒక్క రాత్రిలోనే పులిసిపోతుంది, రెండో రోజుకు కుళ్ళు వాసన వస్తుంది. అలాంటి నీళ్ళు పుండ్లు, గోకుడు ఉన్న తలకు అస్సలు పోయకూడదు.

నాకు నిజంగా దిగులు కలిగించేది వేరే ఉంది. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంది. పెరగాల్సిన కుదుళ్ళు ఎన్నో ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళడం దానికి కారణం. మా చెల్లెలికి కాన్పయ్యాక ఇలాగే అయింది, దువ్వెన చూసి ఏడ్చేసింది. చాలామందికి ఇది ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ నెలల్లో వాడిన దేనికైనా పేరు వస్తుంది, కడుగుకూ అలాగే వచ్చింది. సర్దుకుంటే సంతోషమే. కానీ రక్తహీనత వల్లో థైరాయిడ్ వల్లో ఊడుతుంటే, ఏడాది పాటు కడుగు పోసుకుంటూ కూర్చోవడం అసలు జబ్బును ముదరబెట్టుకోవడమే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు. అంతకు మించి నెలల తరబడి రాలుతున్నా, ఒకచోట బిళ్ళలా ఊడినా చర్మవైద్యుడికి చూపించండి. రక్తపరీక్ష చేయించుకోండి.

వాడదలుచుకుంటే పద్ధతి తేలిక. గ్లాసు బియ్యాన్ని ఒకసారి కడిగి ఆ నీళ్ళు పారబోయండి, దుమ్మూ ధూళీ వాటిలోనే పోతాయి. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు పోసి, అరగంట ఆగి, బాగా పిసికి వడకట్టండి. తలంటుకున్నాక మాడుకు కాకుండా జడ పొడవునా పోసుకుని, ఐదు పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో పూర్తిగా కడిగేయండి. గంజైతే రెండింతలు నీళ్ళు కలపాలి. మిగిలిపోయిన గంజి మాడు మీద ఎండి పొట్టులా రాలితే చుండ్రు అనుకుని టెన్షన్ పడతారు. వారానికి ఒకసారి చాలు. రోజూ పోస్తే ఇస్త్రీ చేసిన పంచెలా జుట్టు బిరుసెక్కుతుంది, బిరుసెక్కినది వంగకుండా విరుగుతుంది. మిగిలిన నీళ్ళు ఆ పూటే కరివేపాకు మొదట్లో పోసేయండి.