సౌండ్ సిస్టమ్ ఎన్నేళ్లు వస్తుంది? రిపేరు షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరులో యాంప్లిఫయర్లు, హోమ్ థియేటర్లు బాగుచేసే షాపు నాది. సెట్టు కౌంటర్ మీద పెట్టీపెట్టకముందే అందరూ అడిగేవి రెండే: "అన్నా, ఇది బాగవుద్దా?", "బాగైతే ఎన్నాళ్లొస్తది?" మూత తీయకుండానే ఈ రెండిటికీ జవాబు చెప్పేవాడు ఎవరైనా ఉంటే వాడి దగ్గర సెట్టు పెట్టకండి. అయితే వచ్చేవాళ్లు కూడా ముందే ఏవో నమ్మకాలు పెట్టుకుని వస్తారు, వాటిలో సగం తప్పు. రోజూ ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పాతకాలం జపాన్ సెట్టుకి చావు లేదు

ముప్పై ఏళ్ల కిందట కువైట్ నుంచో సింగపూర్ నుంచో తెచ్చుకున్న సెట్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని నా దగ్గరికి తువ్వాలులో చుట్టి, దేవుడి పటం తెచ్చినట్టు తెస్తారు. మంచి సెట్లే, కాదనను. ట్రాన్స్‌ఫార్మరూ, హీట్‌సింకూ ఇంకో ముప్పై ఏళ్లయినా ఉంటాయి. కానీ బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అలా కాదు, వాటి లోపలి ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది.

ఆ డబ్బా మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో రాసి ఉంటుంది. అంత వేడిలో ఎన్ని గంటలు పనిచేస్తుందో తయారుచేసినవాళ్లు చెప్తారు, మామూలు రకాలకి 2000 గంటలు. ఇంతేనా, మూడు నెలలు కూడా లేదే అనుకోకండి, ఎందుకంటే వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. 105 రకం కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర ఉంటే 32,000 గంటలు, అంటే రోజుకి నాలుగు గంటలు పాటలు పెట్టినా ఇరవై ఏళ్లు దాటుతుంది. అదే చోట 85 రకం ఉంటే 8000 గంటలే, ఐదున్నరేళ్లు. ఇది లెక్క మాత్రమే, ఒక్కో సెట్టు ఒక్కోలా ఉంటుంది, కానీ దీన్ని బట్టి మీకు ఒకటి అర్థం కావాలి: సెట్టు వయసు కంటే అది ఏ వేడిలో బతికిందన్నదే ముఖ్యం. మే నెల ఎండలకి మన ఊళ్లో గదే కుంపటిలా ఉంటుంది. అలాంటి గదిలో యాంప్లిఫయర్‌ని అద్దాల షోకేసులో పెట్టి, దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు, ఆ పైన క్రోషే గుడ్డ! పైన ఒక జానెడు ఖాళీ ఉంచండి, ఆ గుడ్డ తీసేయండి, పైసా ఖర్చు లేని రిపేరు ఇదే.

వాల్యూం సున్నాలో ఉన్నా గుయ్‌మని హమ్మింగ్ వస్తుంటే చాలాసార్లు ఫిల్టర్ కెపాసిటర్లే (పవర్ సప్లైలో కరెంటుని సాఫీ చేసేవి) కారణం. మార్చడం పెద్ద పని కాదు. స్పీకర్ అంచున ఉండే ఫోం రింగు పదిహేను, ఇరవై ఏళ్లకి వేలు పెడితే పొడిగా రాలిపోతుంది, దానికీ కొత్త రింగు అతికించొచ్చు. రబ్బరు, గుడ్డ అంచులు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. క్యాసెట్ డెక్కులో బెల్టు మాత్రం కరిగి తారులా పుల్లీకి అంటుకుపోతుంది, దాన్ని తుడిచిన రోజు నా చేతులకి అన్నం తినబుద్ధి కాదు.

అపోహ: వాడకుండా దాచిపెడితే కొత్తదిలా ఉంటుంది

ఇది అన్నిటికన్నా ఎక్కువ సెట్లని చంపిన నమ్మకం. మైపాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పదకొండేళ్లు అటక మీద ఉంచిన సెట్టు, మనవడి పుట్టినరోజుకని దించి నేరుగా ప్లగ్గులో పెట్టాడు. పొగ. "వాడిందే లేదు కదరా అబ్బయా, ఎట్టా కాలింది?" అని నన్నే అడిగాడు. వాడకపోవడం వల్లే కాలింది తాతా అన్నాను, నమ్మలేదనుకోండి.

కెపాసిటర్ లోపల అల్యూమినియం రేకు మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది, ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే అది బలహీనపడుతుంది, ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే తట్టుకోలేదు. దానికి తోడు సముద్రపు గాలి. తీరం ఊళ్ల సెట్లు తెరిస్తే జాకులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి, స్పీకర్ రిలే (స్పీకర్‌కి పాటని కలిపే ఆటోమేటిక్ స్విచ్చు) కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. "ఒక పక్కే పాట వస్తోంది, కొంచెం గట్టిగా పెడితే రెండోది కూడా వస్తోంది" అని ఎవరైనా అన్నారంటే నా చెయ్యి ముందు రిలే దగ్గరికే పోతుంది. చీమకుర్తి వైపు నుంచి వచ్చేవాటిలో గ్రానైట్ దుమ్ము. ఇక బల్లులు, ఎలుకలు అన్ని ఊళ్లకీ సమానమే.

ఏళ్ల తర్వాత దించిన సెట్టుని మేము నేరుగా ఆన్ చేయం. సిరీస్ బోర్డులో పెడతాం, అంటే 100 వాట్ల గుండు బల్బు మీదుగా కరెంటు ఇస్తాం. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు బాగున్నట్టే లెక్క, అలా భగ్గున వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. ఏమీ కాలదు, ఎవరికీ టెన్షన్ ఉండదు. ఇంట్లో మీరు చేయొద్దు, అలాంటి సెట్టుంటే ప్లగ్గులో పెట్టకుండా మెకానిక్ దగ్గరికి తెచ్చేయండి. బాగున్న సెట్టయితే నెలకోసారి ఒక గంట పాటలు పెట్టండి చాలు.

అపోహ: పాట ఆగిందంటే ఐసీ పోయినట్టే

ఐసీ అంటే ఎన్నో పార్టుల పని ఒక్కటే చేసే చిప్పు. మెకానిక్కులే నేర్పిన మాట ఇది, మాదే తప్పు. అలా అని తెచ్చే సెట్లలో చాలా మటుకు డ్రై సోల్డర్ (సరిగా అతుక్కోని టంకం), విరిగిన జాకు, పోయిన ఫ్యూజు, లేదా వాల్యూం కంట్రోల్ లోపల దుమ్ము. వాల్యూం తిప్పితే కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొడితే సరిపోతుంది, బండికి కొట్టే తుప్పు స్ప్రే కాదు, కొబ్బరినూనె అసలే కాదు (నవ్వకండి, వేసి తెచ్చినవాళ్లున్నారు).

ఐసీ నిజంగా పోయినా అసలు ప్రశ్న ఎందుకు పోయిందని. కొత్తలో నేనూ ఒక సెట్టుకి ఎస్‌టీకే ఐసీ (శబ్దం పెంచే చిప్పు) మార్చి పంపాను, వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ మార్చాను, మళ్లీ వచ్చింది. నేను తెచ్చింది డూప్లికేట్ ఐసీ, పైగా వాళ్లింట్లో స్పీకర్ వైరు తలుపు సందులో నలిగి షార్టై ఉంది, నేను స్పీకర్లు తెమ్మనే లేదు. రెండు ఐసీల డబ్బులు నా జేబులోంచే. అప్పట్నుంచి ముఖ్యమైన పార్టులకి రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి నమ్మకమైన కొట్లోనే కొంటాను, స్పీకర్ తగిలించే ముందు యాంప్ అవుట్‌పుట్‌లో డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) ఎంతుందో మీటరు పెట్టి చూస్తాను. కొన్ని మిల్లీవోల్టులైతే సరే, వోల్టుల్లో కనిపిస్తే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. "ఒకసారి విప్పితే ఇక మళ్లీ మళ్లీ పోతుంది" అనే మాట పుట్టింది ఇలాంటి సగం రిపేర్ల నుంచే.

అపోహ: కొత్తది కదా, తేలిగ్గా బాగవుతుంది

దీనికి రివర్స్. పాత యాంప్‌లో ట్రాన్సిస్టర్ 2ఎన్3055 పోతే ఇవాళ కూడా దొరుకుతుంది, అది 1960ల నాటి పార్టు. సౌండ్‌బార్‌లో అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, మధ్యలో ఉండే చిప్పులో ఆ కంపెనీ ప్రోగ్రాం ఉంటుంది, చిప్పు విడిగా తెచ్చినా ప్రోగ్రాం లేకపోతే అది ఉత్త రాయి. పవర్ సప్లై పోతే బాగుచేస్తాం, సాకెట్ విరిగితే మారుస్తాం, మెయిన్ బోర్డు పోతే మాత్రం ఆ మోడల్ బోర్డు దొరికితేనే.

బ్లూటూత్ స్పీకర్లో ముందు పోయేది బ్యాటరీ. లిథియం సెల్లు మూడొందల నుంచి ఐదొందల ఛార్జింగుల తర్వాత నీరసపడుతుంది. సెల్లు మార్చొచ్చు, కానీ బాడీ జిగురుతో అతికించి ఉంటే తెరిచేటప్పుడు విరగొచ్చు, ఆ సంగతి ముందే చెప్తాను. సెల్లు ఉబ్బితే ఛార్జింగ్ పెట్టడం ఆపేయండి. ఇంకోటి, మొబైల్ యాప్ మీదే నడిచే స్పీకర్లు హార్డ్‌వేర్ బాగున్నా యాప్ ఆగిపోతే మూగబోతాయి, కొనేటప్పుడు ఆక్స్ సాకెట్ (పాటకి వైరు పెట్టుకునే రంధ్రం) ఉందో లేదో చూసుకోండి. ఎక్కువ కాలం రావాలంటే నా ఓటు విడి యాంప్, విడి స్పీకర్లకే.

మిగతావి, గబగబా

"ఎక్కువ వాట్ల యాంప్ పెడితేనే స్పీకర్లు కాలతాయి." చిన్న యాంప్‌ని ఫుల్‌గా పెట్టి గొంతు పగిలేలా అరిపించినా ట్వీటర్లు కాలతాయి. శబ్దం చిట్లినట్టు వినిపిస్తే తగ్గించండి, అంతే.

"ఫ్యూజు ఊరికే పోతోంది, సిగరెట్ పెట్టె కాగితం చుట్టాను." దండం పెడతాను, ఆ పని చేయకండి. వీధిలో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు, అప్పుడు ఆ పది రూపాయల ఫ్యూజే కదా అడ్డం.

"నీళ్లలో మునిగితే ఇక పారేయడమే." 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు బురదతో వచ్చిన యాంప్‌లు కొన్ని ఇప్పటికీ పాడుతున్నాయి. వాటిని ఆన్ చేయకుండా తెచ్చారు, మంచినీళ్లతో కడిగి రోజుల తరబడి ఆరబెట్టాం. "పనిచేస్తుందేమో చూద్దాం" అని స్విచ్చు వేసి తెచ్చినవి చాలా వరకు పోయాయి. స్పీకర్ డబ్బాల చెక్క మాత్రం ఉబ్బిపోయింది, దానికి నా దగ్గర మందు లేదు.

రిపేరు ఖర్చు అలాంటి కొత్తదాని ధరలో సగం దాటితే నేనే వద్దంటాను, ఇష్టమైన సెట్టయితే అది వేరే సంగతి, పెద్దాయన సెట్టు అలాగే బాగుచేశాను. ఇక వచ్చేటప్పుడు సెట్టు ఒక్కటే కాదు, స్పీకర్లు, రిమోటు, అడాప్టర్, వైర్లతో సహా తీసుకురండి. ఇంతకుముందు ఎవరైనా విప్పి ఉంటే చెప్పండి, దాచినా మూత తీయగానే ఆ స్క్రూలే చెప్పేస్తాయి.