ఆక్టోప్రింట్ ప్లగిన్ల నిర్వహణ: అపోహలు, వాస్తవాలు

త్రీడీ ప్రింటర్‌ను బ్రౌజర్ నుంచి నడిపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో బాగా వాడుకలో ఉన్నది ఆక్టోప్రింట్. జీనా హాయ్స్గే 2012 చివర్లో దీన్ని మొదలుపెట్టగా, 2015లో వచ్చిన 1.2.0 వెర్షన్‌తో ప్లగిన్ల (కొత్త సౌకర్యాలను చేర్చే అదనపు ప్రోగ్రాముల) ఏర్పాటు ఇందులో చేరింది. నేను దీనికి ప్లగిన్లు రాస్తాను, ఇతరులు రాసినవి వాడతాను, ప్లగిన్ల వల్ల మొరాయించిన ఇన్‌స్టలేషన్లను బాగుచేసి పెడుతుంటాను. ఆ పనిలో ఎదురయ్యే అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ప్లగిన్‌ను ఫోన్‌లోని యాప్ లాంటిదిగా భావించడం.

అపోహ: ప్లగిన్ తన పరిధి దాటి ఏమీ చేయలేదు.

ఫోన్‌లో ప్రతి యాప్‌కూ ఒక హద్దు ఉంటుంది. ఆక్టోప్రింట్‌లో అలాంటి గోడలేవీ లేవు. ఇక్కడ ప్లగిన్ అంటే పైథాన్ భాషలో రాసిన ఒక ప్యాకేజీ. ప్లగిన్ మేనేజర్‌లో ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు తెర వెనుక పిప్ అనే పైథాన్ ఇన్‌స్టాలర్ ఆ ప్యాకేజీని తెచ్చి, ఆక్టోప్రింట్ నడుస్తున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనే, అంటే దాని పైథాన్ లైబ్రరీలన్నీ ఉండే చోటనే పెడుతుంది. ఆ తర్వాత అది ఆక్టోప్రింట్ ప్రాసెస్‌లో భాగంగా, ఆక్టోప్రింట్‌కున్న హక్కులన్నిటితోనూ పనిచేస్తుంది. ఫైళ్లు చదవగలదు, నెట్‌వర్క్‌లోకి వెళ్లగలదు, ప్లాస్టిక్‌ను కరిగించి పోసే నాజిల్‌ను వేడెక్కించమని ఆజ్ఞ కూడా పంపగలదు. 2020లో 1.4.0తో వచ్చిన అనుమతుల వ్యవస్థ లాగిన్ అయ్యే వాడుకరుల కోసం ఏర్పడినదే తప్ప, ప్లగిన్ కోడ్‌ను కట్టడి చేసేది కాదు. ఉష్ణోగ్రత అదుపు తప్పినప్పుడు హీటర్‌ను ఆపే బాధ్యతను ఏ ప్లగిన్‌కూ వదిలేయకూడదని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. అది ప్రింటర్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ చేయవలసిన పని.

అన్ని ప్లగిన్లూ ఒకే ఎన్విరాన్‌మెంట్‌ను పంచుకోవడం వల్ల మరో చిక్కు కూడా వస్తుంది. ఒకే లైబ్రరీకి సంబంధించి ఒక ప్లగిన్ పాత వెర్షన్‌ను, మరొకటి కొత్త వెర్షన్‌ను కోరితే రెండూ పక్కపక్కన ఉండలేవు. చివర ఇన్‌స్టాల్ చేసినదాని మాటే చెల్లుతుంది. నిన్నటిదాకా సవ్యంగా ఉన్న ప్లగిన్ ఈ రోజు లోడ్ కాలేదంటే, తప్పు దానిది కాకుండా నిన్న రాత్రి చేర్చిన మరొకదానిది కావచ్చు.

అపోహ: ప్లగిన్లు ఎక్కువైతే ప్రింట్ నాణ్యత పడిపోతుంది.

ఈ మాట నేను కూడా కొన్నాళ్లు నమ్మాను. అయితే ఇక్కడ లెక్కించవలసింది ప్లగిన్ల సంఖ్యను కాదు, అవి ఏ చోట పనిచేస్తున్నాయన్నదాన్ని. రంగులు మార్చేవి, ట్యాబులను సర్దేవి ఇరవై ఉన్నా ప్రింట్ మీద వాటి ప్రభావం ఉండదు. ప్రింటర్‌కు వెళ్లే ప్రతి జీకోడ్ (ప్రింటర్ ఆజ్ఞల) పంక్తినీ మధ్యలో పట్టుకునే హుక్‌లో, అంటే ప్లగిన్ కోడ్ తగిలించుకునే కొక్కెంలో కూర్చున్న ప్లగిన్ ఒక్కటి సరిపోతుంది, ప్రింట్‌ను పాడుచేయడానికి.

నేను రాసిన ఒక ప్లగిన్ సరిగ్గా ఈ పని చేసింది. పంక్తి వెళ్లిన ప్రతిసారీ దాని వివరాన్ని నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్‌కు పంపి, జవాబు వచ్చేదాకా ఆగేలా రాశాను. చదరపు పెట్టెలు చక్కగా వచ్చాయి. గుండ్రటి పూలకుండీ గోడ మీద మాత్రం ఆవగింజంత బొడిపెలు వరుసగా తేలాయి. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది: నాజిల్ సెకనుకు 60 మిల్లీమీటర్ల వేగంతో కదులుతూ, వంపు 0.5 మిల్లీమీటర్ల ముక్కలుగా ఉంటే, సెకనుకు 120 పంక్తులు కావాలి. అంటే ఒక్కో పంక్తికి దక్కేది దాదాపు 8 మిల్లీసెకన్లు. మార్లిన్ అనే ఫర్మ్‌వేర్ సాధారణంగా ముందుగా పెట్టుకునే 16 కదలికల నిల్వ ఆ వేగంలో సెకనులో దాదాపు ఎనిమిదో వంతుకే ఖాళీ అయిపోతుంది. నిల్వ ఖాళీ కాగానే నాజిల్ ఉన్నచోటే ఆగుతుంది, ఆగినచోట ప్లాస్టిక్ కారి బొడిపె కడుతుంది. తిన్నటి గోడకు ఒక్క పొడవాటి పంక్తి చాలు కాబట్టి పెట్టెల్లో దోషం బయటపడలేదు. పంపే పనిని పక్కన విడిగా నడిచే వేరే థ్రెడ్‌కు మార్చి, హుక్ వెంటనే తిరిగి వచ్చేలా చేశాక కుండీ నున్నగా వచ్చింది.

ఇదే లక్షణం, ఆక్టోప్రింట్ తరచూ నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు విద్యుత్తు చాలనప్పుడూ కనిపిస్తుంది కాబట్టి, ప్లగిన్లను అనుమానించే ముందు తెర మీద అండర్‌వోల్టేజ్ హెచ్చరిక ఉందేమో చూడాలి.

అపోహ: అధికారిక రిపాజిటరీలో ఉన్న ప్లగిన్ ప్రతి వెర్షన్‌నూ ఎవరో పరీక్షించి ఉంటారు.

రిపాజిటరీలోకి, అంటే ఆక్టోప్రింట్ అధికారిక ప్లగిన్ల జాబితాలోకి చేర్చేటప్పుడు పరిశీలన జరుగుతుంది. ఆ తర్వాతి అప్‌డేట్లు సాధారణంగా ప్లగిన్ రాసినవారి సొంత కోడ్ భాండాగారం నుంచి నేరుగా వస్తాయి. తీవ్రంగా హాని చేసే వెర్షన్లను ఆపడానికి ఒక బ్లాక్‌లిస్ట్ ఉన్నప్పటికీ, అది ఎవరికో దెబ్బ తగిలాక పనికొచ్చే ఏర్పాటు. అందువల్ల అప్‌డేట్ నోటీసు కనిపించగానే అన్నిటినీ ఒకేసారి నొక్కకుండా, మార్పుల జాబితా చదివి, ఒక్కొక్కటిగా పెట్టి, మధ్యలో చిన్న ప్రింట్ ఒకటి చేసి చూడడం మేలు. పాత వెర్షన్‌కు వెళ్లాలంటే దాని జిప్ ఫైలు లంకెను ప్లగిన్ మేనేజర్‌కు ఇవ్వవచ్చు. వెనక్కి వెళ్లడం కూడా అప్‌డేట్ అంత సులువుగా ఒక్క మీటతో జరగాలని, ప్లగిన్ ఏయే హుక్‌లను పట్టుకుంటుందో ఇన్‌స్టాల్‌కు ముందే తెర మీద కనిపించాలని నా కోరిక; ఈ రెండూ ఉంటే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు బాగా తగ్గుతాయి.

అపోహ: డిజేబుల్ చేసినా, అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఒకటే.

డిజేబుల్ చేసిన ప్లగిన్ కోడ్ అక్కడే ఉంటుంది, దానికోసం వచ్చిన లైబ్రరీలూ ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కోడ్ పోతుంది గానీ, విడిగా శుభ్రం చేయమని చెప్పకపోతే సెట్టింగులు, డేటా మిగిలిపోతాయి. మళ్లీ పెట్టినప్పుడు పాత తప్పే తిరిగి రావడానికి చాలాసార్లు ఈ మిగులే కారణం.

అపోహ: ఆక్టోప్రింట్ తెరుచుకోకపోతే అది ఉన్న ఎస్‌డీ కార్డును మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే.

ముందుగా సేఫ్ మోడ్‌లో తెరవాలి. అందులో బయటి ప్లగిన్లేవీ నడవవు. సమస్య మాయమైతే తప్పు ప్లగిన్లదేనని తేలినట్టు. అప్పుడు వాటిలో సగాన్ని డిజేబుల్ చేసి, మామూలుగా పునఃప్రారంభించి, దోషం ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్లీ రెండుగా విడదీయాలి. పదహారు ప్లగిన్లున్నా నాలుగు పునఃప్రారంభాల్లో దోషి దొరుకుతుంది, దోషి ఒక్కటే అయితే. జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు మొదట్లో ప్లగిన్ల జాబితా ఉంటుంది. అందులో పేరుకు ముందు ఆశ్చర్యార్థకం ఉంటే డిజేబుల్ అయిందని, నక్షత్రం గుర్తు ఉంటే ఈ వెర్షన్‌కు సరిపడదని అర్థం. 2022లో 1.8.0 పైథాన్ 2కు మద్దతు ఆపేశాక, పైథాన్ 3కు తగినట్టు ప్రకటించుకోని పాత ప్లగిన్లు ఈ నక్షత్రంతోనే మిగిలాయి.

అపోహ: బ్యాకప్ ఉంటే ప్లగిన్లన్నీ వాటంతటవే తిరిగి వస్తాయి.

బ్యాకప్‌లో ఉండేది ప్లగిన్ల జాబితా, వాటి సెట్టింగులు. పునరుద్ధరించేటప్పుడు రిపాజిటరీలో ఉన్నవాటినే అది మళ్లీ తెచ్చుకోగలదు. లంకె ద్వారా పెట్టినవాటిని మనమే చేర్చుకోవాలి కనుక, నేను ఆ లంకెలను వెర్షన్ సంఖ్యతో సహా ఒక ఫైల్లో రాసి, బ్యాకప్ పక్కనే దాచుకుంటాను.