డాలీ పార్టన్ పాటలు: అపోహలు - వాస్తవాలు

అమెరికన్ కంట్రీ సంగీతం అనగానే మనవాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చే పేరు డాలీ పార్టన్. గిటార్ క్లాసుల్లోనూ, పాటల హక్కులు చూసేవాళ్ల మధ్యా ఆమె గురించి తిరిగే మాటల్లో తప్పులు బోలెడు. తరచూ వినపడేవి ఇవి.

అపోహ: ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ విట్నీ హ్యూస్టన్ పాట.

వాస్తవం: విట్నీ పాడింది 1992లో, ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం. రాసిందీ, బాణీ కట్టిందీ, 1973లో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో మొదట రికార్డు చేసిందీ డాలీ. 1974లో కంట్రీ చార్టులో మొదటి స్థానం. 1982లో తనే మళ్లీ పాడితే మళ్లీ మొదటి స్థానం. విట్నీ రికార్డింగ్‌కు నిర్మాత డేవిడ్ ఫాస్టర్ నమూనాగా పెట్టుకున్నది గాయని లిండా రాన్‌స్టాట్ 1975లో ఇదే పాటను పాడిన రికార్డు. అందులో చివరి చరణం లేదు. అది ఉందని డాలీయే ఫాస్టర్‌కు చెప్పింది. డాలీ ఆ చరణాన్ని పాడదు, మామూలుగా మాట్లాడినట్టు చెబుతుంది. విట్నీ గొంతు విరుచుకుపడే ఆఖరి పల్లవికి దారి తీసేది అదే.

అపోహ: అది ప్రేమ పాట, పెళ్లిళ్లలో పెట్టుకోవచ్చు.

వాస్తవం: అది పని మానేస్తూ చెప్పిన వీడ్కోలు. 1967 నుంచి కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షోలో పాడుతున్న డాలీ, సొంత దారి చూసుకుంటూ ఆయన కోసం రాసింది. రిసెప్షన్‌లో పెట్టుకుంటే మీ ఇష్టం, విడిపోయే పాటని తెలిసి పెట్టుకోండి.

అపోహ: ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానంటే డాలీ మొండిగా కాదంది.

వాస్తవం: పాడటానికి కాదనలేదు. ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ పబ్లిషింగ్‌లో (పాట హక్కులు చూసుకుని రాబడి వసూలు చేసేవాళ్ల వాటాలో) సగం రాసిమ్మన్నాడు, దానికి కాదంది. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. పాట మీద వచ్చే రాబడిలో సాధారణంగా 50 శాతం రచయిత వాటా, 50 శాతం పబ్లిషర్ వాటా. అమెరికాలో 2006 నుంచి 2022 దాకా, ఐదు నిమిషాల్లోపు పాటకు అమ్మిన ఒక్కో కాపీకి 9.1 సెంట్ల రేటు ఉండేది. ఆ రేటున పది లక్షల కాపీలకు 91,000 డాలర్లు. అందులో రచయితకు 45,500, పబ్లిషర్‌కు 45,500. సొంత పబ్లిషింగ్ ఉంటే రెండూ ఒకే ఇంటికి చేరతాయి. పార్కర్ అడిగినట్టు సగం పబ్లిషింగ్ ఇచ్చేస్తే ప్రతి పది లక్షలకూ 22,750 డాలర్లు పోతాయి. ఎల్విస్ రికార్డు మీదే అయితే సర్దుకోవచ్చు. కానీ పబ్లిషింగ్ వాటా ఒక రికార్డింగుది కాదు, పాటది. తర్వాత ఎవరు పాడినా కోత పడుతూనే ఉంటుంది. అంటే 18 ఏళ్ల తర్వాత విట్నీ అమ్మకాల్లోనూ.

మన సినీ గేయ రచయితలూ ఇది గమనించాలి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం తప్ప మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత గానీ, స్వరకర్త గానీ నిర్మాతకు వదులుకోవడం కుదరదు. ‘అన్ని హక్కులూ’ అని సంతకం పెట్టించుకున్నా ఆ మేరకు చెల్లదు. అయితే రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్‌ సంఘంలో సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నమోదు చేయించాలి. పేరో, వాటా శాతమో తప్పు పడితే డబ్బు అక్కడే ఆగిపోతుంది.

అపోహ: రేడియోలో మోగితే పాడినవాళ్లకు డబ్బు.

వాస్తవం: అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు రచయితకూ పబ్లిషర్‌కూ మాత్రమే కడతాయి. విట్నీ గొంతు మోగినా చెక్కు వెళ్లేది డాలీ వైపు. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోల సంగతి వేరు, అవి గాయకులకూ చెల్లించాలి.

అపోహ: విగ్గు, మేకప్పు తప్ప ఏమీ లేదు, పాటలు ఎవరో రాసిపెడతారు.

వాస్తవం: 1964లో హైస్కూల్ పూర్తయిన మర్నాడే నాష్‌విల్ చేరింది. గాయనిగా పేరు రాకముందే రచయితగా నిలబడింది. మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి రాసిన పాటను 1966లో బిల్ ఫిలిప్స్ పాడితే కంట్రీ టాప్ టెన్‌లోకి వెళ్లింది. తమాషా ఏంటంటే, 1967లో గాయనిగా గుర్తింపు తెచ్చిన ‘డంబ్ బ్లాండ్’ మాత్రం ఆమె రాసింది కాదు. ఇక ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ని టూర్ బస్సులో, వాగనర్ బట్టల డ్రై క్లీనింగ్ రసీదు వెనక రాసింది. ఆ పొడుగు గోళ్లూ ఊరికే లేవు. ‘నైన్ టు ఫైవ్’ పాటలో టైప్‌రైటర్ లాంటి టకటక వాటిదే.

అపోహ: ‘జోలీన్’ నాలుగు కార్డ్‌ల పాట, వారంలో వచ్చేస్తుంది.

వాస్తవం: కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాలు, తేలికే. కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) నాలుగో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీది నాలుగో గడిలో పెట్టి ఏ మైనర్, సీ, జీ, ఈ మైనర్ పట్టుకుంటే సి షార్ప్ మైనర్‌లో వినిపిస్తుంది. చెడేది కుడిచేతి దగ్గర. చాలామంది పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గీకేస్తారు, దాంతో పాటలోని ఆత్రం పోతుంది. రికార్డులో వేళ్లతో మీటారు. బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా తాళం నడుపుతుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద మధ్యమధ్యలో పడాలి. ముందు బొటనవేలు ఒక్కటే, తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టి. అది చూడకుండా నడిచాకే మిగతా వేళ్లు కలపండి, తర్వాత 110 దాకా పెంచండి. పల్లవిలో పేరు నాలుగుసార్లు వస్తుంది. ఏ మైనర్, సీ, జీ, మళ్లీ ఏ మైనర్, కార్డ్‌కు ఒక పిలుపు. మూడో పిలుపు దాకా గొంతు మెట్లెక్కుతుంది. మొదటిదే గట్టిగా అందుకుంటే పైన ఊపిరి మిగలదు.

అపోహ: ‘ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్’ కూడా డాలీ రాసిందే.

వాస్తవం: కాదు. 1983లో కెన్నీ రోజర్స్‌తో కలిసి పాడింది, అంతే. రాసింది బీ జీస్ బృందంలోని అన్నదమ్ములు. ఆ పాట రేడియోలో మోగినప్పుడు చెక్కు వాళ్లకే వెళుతుంది.