మ్యాక్‌లో, లైనక్స్‌లో విండోస్ ప్లగిన్లు: అపోహలు - వాస్తవాలు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, అప్పటి నుంచి స్టూడియోల వాళ్ల ఫోన్లన్నీ ఒకటే పాట. "అన్నా, పాత సిస్టమ్ విండోస్ 11 తీసుకోవట్లేదు, టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదంటోంది, మ్యాక్ మినీ తీసేసుకుంటున్నా. మన స్కిన్ ప్లగిన్ (ఫోటోషాప్‌కి తగిలించే అదనపు టూల్) అందులో ఎక్కుతుందిగా?" ఇంకొందరు అంత డబ్బెందుకని లైనక్స్ మింట్ వేసుకుని, జింప్ (ఉచిత ఫోటో ఎడిటర్) తెరిచి, ఫిల్టర్స్ మెనూ అంతా గాలించి, ఏమీ కనబడక అప్పుడు ఫోన్ చేస్తారు. నా పని ఆల్బమ్ రీటచింగ్, తెలిసినవాళ్ల సిస్టమ్‌లు కూడా చూసిపెడుతుంటాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. "వైన్ (విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో, మ్యాక్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తే అన్నీ నడుస్తాయట" అనే యూట్యూబ్ బ్యాచ్‌కీ, "ఏదీ నడవదు, అంతా వేస్ట్" అని వాట్సాప్ గ్రూపులో తేల్చేసే పెద్దలకీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: మ్యాక్‌లోనే ఒక విండోస్ పెట్టుకుని అందులో ప్లగిన్ ఇన్‌స్టాల్ చేస్తే, నా మ్యాక్ ఫోటోషాప్‌లో వచ్చేస్తుంది.

రాదు. ఎక్కువ డబ్బు తగలబడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

ఫోటోషాప్ ఫిల్టర్ ప్లగిన్ విండోస్‌లో .8బిఎఫ్ ఫైలుగా ఉంటుంది. పేరు వేరే గానీ లోపల అది మామూలు డీఎల్‌ఎల్, అంటే వేరే ప్రోగ్రామ్ లోడ్ చేసుకునే కోడ్ ఫైలు. దానంతట అది నడవదు. మీరు ఫిల్టర్‌ని పిలిచినప్పుడు ఫోటోషాప్ దాన్ని తన మెమరీలోకి లాక్కుని, ఫోటో పిక్సెల్స్ దానికి అందించి, మార్చినవి వెనక్కి తీసుకుంటుంది. అంటే హోస్ట్ (ప్లగిన్‌ని నడిపే ప్రోగ్రామ్, ఇక్కడ ఫోటోషాప్), ప్లగిన్ రెండూ ఒకే ప్రాసెస్‌లో ఉండాలి, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌కి, ఒకే రకం ప్రాసెసర్ కోడ్‌కి తయారై ఉండాలి. మ్యాక్ ఫోటోషాప్‌కి కావలసింది .ప్లగిన్ అనే వేరే బండిల్, దాని లోపలి కోడ్ వేరు. .8బిఎఫ్ ఫైలు తీసుకెళ్లి మ్యాక్ ప్లగిన్స్ ఫోల్డర్‌లో పడేస్తే పట్టించుకునే నాథుడు ఉండడు, చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. వర్చువల్ మెషీన్‌లో, అంటే మ్యాక్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే విండోస్‌లో వేసిన ప్లగిన్ ఆ విండోస్ లోపల ఉన్న ఫోటోషాప్‌కి మాత్రమే కనిపిస్తుంది. పక్కింట్లో ఫ్యాన్ వేస్తే మనింట్లో గాలి రాదు కదా.

తెనాలి వైపు ఒక స్టూడియో ఆయన మాఘమాసం పెళ్లిళ్లు ముంచుకొస్తుంటే కొత్త మ్యాక్ కొన్నాడు. ప్లగిన్ విండోస్‌ది కాబట్టి వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌కి ఏడాది చందా కట్టాడు, విండోస్ లైసెన్స్ కొన్నాడు, అందులో ప్లగిన్ ఇన్‌స్టాల్ చేశాడు. ఇన్‌స్టాలర్ ఏ ఫోల్డర్‌లో పెట్టమంటావని అడిగితే ఏదో ఒకటి చూపించాడు, అది 'సక్సెస్' అంది. మ్యాక్ ఫోటోషాప్‌లో మాత్రం జాడే లేదు. ర్యామ్ చాలట్లేదేమో అని ఎవరో అంటే, మిషన్ వెనక్కిచ్చి ఇంకా పెద్దది తెచ్చుకోవడానికి బయల్దేరబోతూ నాకు ఫోన్ చేశాడు. నిద్ర లేదు, ఇంట్లో గొడవలు, నాలుగు పెళ్లిళ్ల ఫోటోలు పెండింగ్, గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. బండి ఆపు బాబూ అని, ముందు ప్లగిన్ కంపెనీకి మెయిల్ పెట్టించాను. అదే సీరియల్ మ్యాక్ వెర్షన్‌కి కూడా పనికొస్తుందని జవాబొచ్చింది, డౌన్‌లోడ్ చేసుకున్నాడు, అయిపోయింది. చందా, విండోస్ లైసెన్స్ డబ్బులు మాత్రం గంగపాలు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే, నీ హోస్ట్ ఎక్కడుంది? ప్లగిన్ విండోస్‌ది అయితే హోస్ట్ కూడా విండోస్ వైపే ఉండాలి, అది నిజం విండోస్ కావచ్చు, వర్చువల్ మెషీన్ కావచ్చు, వైన్ కావచ్చు. హోస్ట్ ఇటు, ప్లగిన్ అటు అంటే కుదరదు.

"ఒకే ప్రాసెసర్ కోడ్" అన్నాను, దాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 32 బిట్ ప్లగిన్ 64 బిట్ ఫోటోషాప్‌లో కనబడదు, విండోస్‌లో కూడా. 64 బిట్ విండోస్‌లో సీఎస్6 (పాత ఫోటోషాప్) వేస్తే రెండు రకాలూ పక్కపక్కనే పడేవి, అందుకే పాతవాళ్లకి "అప్పట్లో అన్నీ నడిచేవి" అని గుర్తు. మ్యాక్‌లోనూ అంతే. ఆపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 వచ్చింది 2020 నవంబర్‌లో, దానికి నేటివ్ ఫోటోషాప్ 2021 మార్చిలో. ఇంటెల్‌కి మాత్రమే తయారైన మ్యాక్ ప్లగిన్లు ఆ నేటివ్ ఫోటోషాప్‌లో ఎక్కలేదు, రోసెట్టాలో (ఇంటెల్ యాప్‌లని ఎం సిరీస్ మ్యాక్‌లో నడిపే ఆపిల్ ఏర్పాటు) తెరిస్తేనే కనిపించాయి. ఆ రోసెట్టాని కూడా మామూలు యాప్‌లకి మ్యాక్ఓఎస్ 27 వరకే ఉంచుతామని ఆపిల్ చెప్పేసింది. ఇక ఎం సిరీస్ మ్యాక్‌లో బూట్ క్యాంప్ (మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే సౌకర్యం) లేదు, వర్చువల్ మెషీన్‌లో పెట్టుకునే విండోస్ ఆర్మ్ విండోస్, అంటే ఇంటెల్ కాని ఆర్మ్ రకం ప్రాసెసర్‌కి చేసినది. మీ ప్లగిన్ ఇంటెల్ కోడ్. అంటే ఇంకో మెలిక. ఆ ప్లగిన్ తయారుచేసినవాళ్లు 'ఆర్మ్ విండోస్‌లో నడుస్తుంది' అని రాసి ఉంటే తప్ప దానికోసం రూపాయి పెట్టొద్దు.

అపోహ: నా ప్లగిన్లన్నీ పోయినట్టే.

అసలు అవి ప్లగిన్లేనా, ముందు చూడండి. మనవాళ్లు "ప్లగిన్ ప్యాక్" అని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకునేదాంట్లో చాలావరకు యాక్షన్లు, అంటే రికార్డ్ చేసి పెట్టుకున్న పనుల వరుస (.ఏటీఎన్), బ్రష్‌లు (.ఏబీఆర్), లైట్‌రూమ్ ప్రీసెట్లు (.ఎక్స్ఎంపీ), లట్‌లు, అంటే రంగులు మార్చే పట్టికలు (.క్యూబ్). ఇవి డేటా ఫైళ్లు, మ్యాక్ ఫోటోషాప్‌లో, లైట్‌రూమ్‌లో హాయిగా ఎక్కుతాయి. కాకపోతే ఏదైనా యాక్షన్ మధ్యలో అసలు ప్లగిన్‌ని పిలుస్తుంటే అక్కడ ఆగిపోతుంది. జింప్‌లో .ఏబీఆర్ బ్రష్‌లు పనిచేస్తాయి గానీ .ఏటీఎన్ యాక్షన్లు నడవవు. కొత్త రకం యూఎక్స్‌పీ ప్లగిన్లు చాలావరకు విండోస్‌కీ మ్యాక్‌కీ ఒకటే, వాటికి కావలసింది ఫోటోషాప్ మాత్రమే. ఎక్స్‌టెన్షన్ చూడకుండా ఏడుపు మొదలుపెట్టొద్దు.

అపోహ: లైనక్స్‌లో వైన్ వేసి ఎగ్జీ మీద డబుల్ క్లిక్ చేస్తే సరి.

కొన్నిటికి సరే. ప్లగిన్‌తో పాటు దాని సొంత ఎగ్జీ, అంటే స్టాండలోన్ యాప్ ఉంటే మీ అదృష్టం. గూగుల్ 2016 మార్చిలో ఉచితంగా ఇచ్చేసిన పాత నిక్ కలెక్షన్ (ఫోటో ఫిల్టర్ల ప్యాక్) అలాంటిదే (2017లో డీఎక్స్ఓ కొనేసింది), దాని ఎగ్జీలను వైన్‌లో విడిగా నడుపుకున్నవాళ్లు బోలెడుమంది. పద్ధతి ఏంటంటే, జింప్‌లోనో డార్క్‌టేబుల్‌లోనో పని ముగించి, కలర్ ప్రొఫైల్ ఎంబెడ్ చేసి 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయాలి, వైన్‌లో ఆ టూల్‌తో తెరిచి మార్చి సేవ్ చేయాలి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. లేయర్లు ఉండవు, స్మార్ట్ ఫిల్టర్‌లాగా తర్వాత తిరిగి సర్దుకోవడం కుదరదు, కాబట్టి లేయర్లున్న ఫైల్ విడిగా దాచుకోండి.

ఉత్త .8బిఎఫ్ ఒక్కటే ఉంటే? జింప్ కోసం పీఎస్‌పీఐ అని టోర్ లిల్‌క్విస్ట్ రాసిన వంతెన ఉంది, లైనక్స్‌లో అది వైన్ సాయంతో .8బిఎఫ్ ఫిల్టర్లని నడుపుతుంది. అసలు పీఎస్‌పీఐ 32 బిట్ ఫిల్టర్లకే, పైగా జింప్ పాత వెర్షన్ల కాలంది. 2025 మార్చిలో జింప్ 3.0 వచ్చాక 2.10 ప్లగిన్లు మార్చి రాయకపోతే అందులో పనిచేయవు, కాబట్టి పాత ట్యుటోరియల్ చూసి అక్షరం పొల్లుపోకుండా చేసినా రాలేదంటే తప్పు మీది కాదు. నాకు దానికన్నా సులువనిపించింది వైన్ లోపలే ఒక చిన్న విండోస్ హోస్ట్ పెట్టుకోవడం. 32 బిట్ ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటో వ్యూయర్‌కి దాని ప్లగిన్ ప్యాక్ కలిపితే .8బిఎఫ్ ఫిల్టర్లు తీసుకుంటుంది. ఇంట్లో వాడుకుంటే ఉచితం, స్టూడియోలో అయితే లైసెన్స్ కొనాలి, అది కొనండి. ఇదంతా పాత సాదా ఫిల్టర్లకే సుమా. జీపీయూ మీద ఆధారపడే కొత్త ఏఐ రీటచ్ ప్లగిన్ల కోసం వైన్‌తో కుస్తీ పట్టి రాత్రుళ్లు పాడుచేసుకోవద్దు.

ఇంకో మాట. యాక్టివేషన్ ఉన్న ప్లగిన్‌ని వైన్‌లో ప్రయోగాలకి వాడకండి. ప్రతిసారీ ప్రిఫిక్స్ (వైన్ తయారుచేసుకునే విండోస్ ఫోల్డర్) చెరిపి కొత్తది చేస్తే లైసెన్స్ సర్వర్‌కి అది కొత్త కంప్యూటర్‌లా కనిపించవచ్చు, రెండు మూడు యాక్టివేషన్లు ఇట్టే అయిపోతాయి. ట్రయల్ వెర్షన్‌తో తేల్చుకున్నాకే సీరియల్ కొట్టండి.

మిగతావి గబగబా. వైన్ ఎమ్యులేటర్ కాబట్టి స్లో అంటారు, అది ఎమ్యులేటర్ కాదు, విండోస్ పిలుపులని లైనక్స్ పిలుపులుగా మారుస్తుంది అంతే, ఇంటెల్ మిషన్ మీద ప్లగిన్ కోడ్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. వర్చువల్ మెషీన్‌లో గ్రాఫిక్స్ కార్డ్ మొత్తం దొరుకుతుందంటారు, మామూలుగా దొరకదు, 16 జీబీ ర్యామ్‌ని రెండు సిస్టమ్‌లు పంచుకుంటే 40 మెగాపిక్సెల్ ఫైలు తెరిచినప్పుడు మీకే అర్థమవుతుంది. లైనక్స్‌లో వైరస్ రాదు కాబట్టి క్రాక్ ప్లగిన్ ధైర్యంగా వేసుకోవచ్చు అంటారు, ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. వైన్ మామూలుగా మీ డిస్క్ మొత్తాన్ని జెడ్ డ్రైవ్‌గా చూపిస్తుంది, మీరు తెరవగలిగే ప్రతి ఫైలూ ఆ క్రాక్ కూడా తెరవగలదు. కస్టమర్ పెళ్లి ఫోటోలు లాక్ అయిపోయాక లైనక్స్‌ని తిట్టి లాభం లేదు.

అపోహ: ఇప్పుడే మారకపోతే మునిగిపోతాం.

ఎవరు భయపెట్టారో గానీ, తొందరేం లేదు. ఇంట్లో, చిన్న స్టూడియోల్లో వాడే విండోస్ 10 సిస్టమ్‌లకి మైక్రోసాఫ్ట్ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఈఎస్‌యూలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. సీజన్ మధ్యలో సిస్టమ్ మార్చకండి. సీజన్ అయ్యాక కూడా పాత మిషన్‌ని ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క ప్లగిన్ కోసం మూలన ఉంచుకోవచ్చు, ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో అటూ ఇటూ పంపుకుంటే సరిపోతుంది. నిజం చెప్పాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇదే అన్నిటికన్నా చవకైన దారి. కాకపోతే వైన్ అంత మోజుగా ఉండదు.

ఈ లోపు లైనక్స్‌లో నేటివ్‌గా ఉన్నవి ప్రయత్నించండి. జీమిక్ అనే ఉచిత ప్లగిన్‌లో 500కి పైగా ఫిల్టర్లున్నాయి, జింప్‌కీ, క్రిటా అనే పెయింటింగ్ యాప్‌కీ రెండిటికీ దొరుకుతుంది. స్కిన్ పని మీరు ఇప్పుడు కొట్టే స్లైడర్ అంత సుఖంగా ఉండదు, ఫ్రీక్వెన్సీ సెపరేషన్ (చర్మం గరుకునీ రంగునీ విడదీసి సర్దడం) చేత్తో చేయడం నేర్చుకోవాలి. జింప్‌లో వేవ్‌లెట్ డీకంపోజ్ దానికి దగ్గరగా ఉంటుంది.

మారదామనే గట్టిగా అనుకుంటే మాత్రం పాత సిస్టమ్ ఫార్మాట్ కొట్టే ముందు ప్రతి ప్లగిన్‌లోకీ వెళ్లి డీయాక్టివేట్ చేయండి, సీరియల్ నంబర్లు, కొన్నప్పటి మెయిల్, ఇన్‌స్టాలర్ ఫైలు ఒకచోట పెట్టుకోండి. అలాగే ఆల్బమ్‌లో పేర్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టేవాళ్లు ఫాంట్ల గురించి కాదు, టైప్ చేసే మేనేజర్ గురించి ఆలోచించండి. ఫాంట్ ఫైళ్లు మ్యాక్‌లో ఎక్కినా మేనేజర్ విండోస్‌ది. యూనికోడ్‌లో కొట్టి కన్వర్టర్‌తో మార్చుకోవడం ముందే అలవాటు చేసుకుంటే, రేపు పెళ్లికూతురు పేరులో ఒత్తు ఎగిరిపోయిందని ప్రింట్ అయ్యాక కొట్టుకోనక్కర్లేదు.