నడుముకి పెట్టుకునే చిన్న పిస్టల్: అపోహలు – వాస్తవాలు

2018 జనవరిలో సిగ్ సావర్ కంపెనీ పీ365 పిస్టల్ వచ్చేదాకా నడుముకి పెట్టుకునే సైజు 9 ఎం.ఎం. పిస్టల్ అంటే మేగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) ఆరు నుంచి ఎనిమిది రౌండ్లే (తూటాలే). గ్లాక్ 43లో 6, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్‌లో 7 లేదా 8. దాదాపు అదే ఒడ్డూ పొడుగులో పీ365 పది పట్టించింది. మేగజైన్ అడుగున రౌండ్లు రెండు వరసల్లో సర్దుకుని, పైకొచ్చేసరికి ఒకే వరస అవుతాయి. బ్యారెల్ 3.1 అంగుళాలు, ఖాళీ బరువు సుమారు అర కిలో.

అమెరికాలో దీన్ని కొన్నవాళ్ళని అడిగితే రెండు మాటలే వినిపిస్తాయి: "ఇంతకు మించింది లేదు", "మాటిమాటికీ జామ్ అవుతుంది". రెండో మాట అనేవాళ్ళలో చాలామందికి తేడా చేతిలోనో, మేగజైన్‌లోనో ఉంటుంది. కొన్ని ఫిర్యాదులు మాత్రం నిజం.

అపోహ: చిన్నది, తేలిక. కాబట్టి కొత్తవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇదే సులువు.

పూర్తిగా తలకిందులు. తూటా అదే, పిస్టల్ బరువు తక్కువ, కాబట్టి చేతిని గట్టిగా తంతుంది. గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ కావడంతో గురిలో వెంట్రుకవాసి తేడా కూడా టార్గెట్ మీద పెద్దగా కనిపిస్తుంది. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) తేలికైనది గనక దాన్ని అదుపు చెయ్యడానికి బిరుసు స్ప్రింగ్ పెట్టాలి. అందుకే స్లైడ్ లాగడం కష్టం. నేర్చుకోవడానికి 4 అంగుళాల బ్యారెల్ ఉన్న గ్లాక్ 19 లాంటిది నయం. వేళ్ళలో బలం తక్కువైతే, స్లైడ్ సులువుగా లాగేలా చేసిన షీల్డ్ ఈజెడ్ ఒకసారి పట్టి చూడండి. భార్యకి బహుమతిగా షాపులో అన్నిటికంటే చిన్నది ఏరుకొచ్చే భర్తలు ముందు ఆవిడని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి రెండు మూడు రకాలు అద్దెకి తీసుకుని కాల్చనిస్తే డబ్బు మిగులుతుంది.

అపోహ: ఆఖరి రౌండ్ పేలాక స్లైడ్ వెనక ఆగడం లేదంటే పిస్టల్‌లో లోపం.

ముందు మీ బొటనవేలు ఎక్కడుందో చూడండి. రెండు బొటనవేళ్ళనీ ముందుకి చాచి పట్టుకోవడం ఇప్పుడు అందరూ నేర్పే పద్ధతి. పెద్ద పిస్టల్‌లో ఇబ్బంది ఉండదు. దీని పిడి పొట్టి కాబట్టి కుడిచేతి బొటనవేలు సరిగ్గా స్లైడ్ క్యాచ్ (స్లైడ్‌ని వెనక ఆపే) మీట మీద కూర్చుంటుంది. మేగజైన్ ఖాళీ కాగానే ఆ మీట పైకి లేవాలి, మీ వేలు దాన్ని లేవనివ్వదు. అదే వేలు కింద నుంచి తగిలితే ఇంకా రౌండ్లు ఉండగానే స్లైడ్ వెనక ఆగిపోతుంది. కుడి బొటనవేలిని ఎడమచేతి బొటనవేలి వెనక ఎముక మీదకి మార్చి ఒక మేగజైన్ కాల్చండి. సరిగ్గా ఆగితే పిస్టల్‌కి ఏ రోగమూ లేనట్టే.

అపోహ: మంచి పిస్టల్ అయితే జామ్ కాదు.

మూడు కారణాలు ముందు కొట్టేసి, తర్వాత పిస్టల్‌ని అనుమానించండి.

మొదటిది, స్లైడ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి వదలడం. స్ప్రింగ్ తన పూర్తి బలంతో కొడితేనే రౌండ్ చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటికి) నిండుగా వెళ్తుంది. వెనక్కి ఆఖరుదాకా లాగి, వదిలెయ్యాలి.

రెండోది, మేగజైన్ సరిగ్గా దిగకపోవడం. ఇది చాలామందికి తట్టదు. స్లైడ్ మూసి ఉండగా పది నిండిన మేగజైన్ పెడితే, పై రౌండ్ స్లైడ్ అడుగుకి ఒత్తుకుంటుంది. దిగినట్టే అనిపిస్తుంది, కొక్కెం మాత్రం పట్టదు. చాంబర్‌లో ఉన్న ఒక్కటీ పేలుతుంది, తర్వాత టక్ మని ఖాళీ చప్పుడు. అరచేత్తో అడుగున గట్టిగా చరిచి, కిందకి లాగి చూడండి. ఊడిరాకపోతే పట్టినట్టు.

మూడోది, మణికట్టు వదులుగా ఉండటం. ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి ఊగితే స్లైడ్ పూర్తి దూరం వెళ్ళదు, పేలిన రౌండ్ ఖాళీ తొడుగు బయటికి పోకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. చిటికెనవేలు పిడి కింద గాల్లో వేలాడేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. వేలికి ఆసరా ఇచ్చే అడుగు పలక గానీ, 12 రౌండ్ల మేగజైన్ గానీ పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఒకే మేగజైన్‌తో ఇబ్బంది వస్తుంటే దోషం ఆ మేగజైన్‌ది. అందుకే మేగజైన్ల అడుగున 1, 2, 3 అని రాసుకోవాలి. 200 మామూలు రౌండ్లు, ఆ తర్వాత రోజూ వెంట ఉంచుకోబోయే రకం 50 రౌండ్లు సాఫీగా పోయేదాకా దాన్ని నమ్మి నడుముకి పెట్టుకోవద్దు.

అపోహ: పీ365లో లోపాల కథలన్నీ పుకార్లే.

కాదు. 2018 తొలి నెలల్లో వచ్చిన వాటిలో స్ట్రైకర్ (రౌండ్ అడుగున కొట్టి పేల్చే సూది) విరగడం, ట్రిగ్గర్ వెనక్కి రాకపోవడం నిజంగానే జరిగాయి. తర్వాతి తయారీలో భాగాలు మారాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఎప్పటి తయారీయో అడగండి. పేలిన తొడుగు అడుగున ప్రైమర్ (స్ట్రైకర్ దెబ్బకి అంటుకునే బిళ్ళ) మీద కాస్త సాగిన గీత కనపడగానే కంగారు పడక్కర్లేదు. పొట్టి పిస్టల్‌లో బ్యారెల్ కిందకి వంగేటప్పుడు స్ట్రైకర్ మొన రాసుకుంటుంది.

ఇంకో గందరగోళం: 2017లో కింద పడితే పేలే సమస్యకి కంపెనీ ఉచితంగా మార్పులు చేసిచ్చింది పీ320కి. అది వేరే పిస్టల్.

అపోహ: సేఫ్టీ మీట లేకపోతే దానంతటదే పేలుతుంది.

లోపల స్ట్రైకర్‌ని ఆపే అడ్డు ఒకటుంటుంది. ట్రిగ్గర్ నొక్కితేనే అది తొలుగుతుంది. మీట ఉన్న పీ365 కూడా దొరుకుతుంది, ధైర్యం చాలకపోతే అదే తీసుకోండి. అసలు ప్రమాదం హోల్‌స్టర్‌లోకి (పిస్టల్ ఒరలోకి) తిరిగి పెట్టేటప్పుడు. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డులో దూరుతుంది. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) హోల్‌స్టర్ వాడండి, బట్ట పక్కకి లాగి, చూస్తూ, నిదానంగా పెట్టండి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్లు, ఉత్త జేబు, హ్యాండ్‌బ్యాగ్‌లో తాళాలతో కలిపి వెయ్యడం: ఈ మూడూ వద్దు.

శుభ్రం చెయ్యడానికి పిస్టల్ విప్పేటప్పుడు కూడా ప్రమాదం ఉంది. గ్లాక్‌ని విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి, పీ365కి ఆ అవసరం లేదు. ఏదైనా వరస ఒకటే: మేగజైన్ తియ్యాలి, స్లైడ్ వెనక ఆపాలి, చాంబర్‌ని కంటితో చూసి చిటికెనవేలితో తడమాలి. మేగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే పై రౌండ్ మళ్ళీ చాంబర్‌లోకి ఎక్కుతుంది. "ఖాళీ" పిస్టల్ పేలిన కథల్లో చాలావాటికి మూలం ఈ వరస తారుమారు కావడమే.

అపోహ: మేగజైన్ నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుంది.

స్ప్రింగ్‌ని అరగదీసేది మళ్ళీ మళ్ళీ నింపడం, ఖాళీ చెయ్యడం. కొత్తది మాత్రం మొదట్లో కాస్త సర్దుకుంటుంది. పదో రౌండ్ ఎక్కకపోతే, ఎక్కినన్ని నింపి కొన్ని రోజులు వదిలేస్తే దారికొస్తుంది.

అపోహ: రోజూ రాత్రి చాంబర్ ఖాళీ చేసి పొద్దున మళ్ళీ ఎక్కించడమే జాగ్రత్త.

ఒకే రౌండ్‌ని పదేపదే చాంబర్‌కి ఎక్కిస్తే, ప్రతిసారీ దాని ముక్కు బ్యారెల్ వాలుకి కొట్టుకుని బుల్లెట్ తొడుగులోకి దిగుతుంది. లోపల ఖాళీ తగ్గి, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. డబ్బాలోని కొత్త రౌండ్‌ని పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే మళ్ళీ వాడొద్దు. దీనికన్నా, హోల్‌స్టర్‌తో సహా తీసి తాళం పెట్టెలో పెట్టడం మేలు. ఇంట్లో పిల్లలుంటే అది ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు: టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా ఉంచడం నేరం.

అపోహ: +పి (ఎక్కువ పీడనం) రౌండ్లయితే చిన్న పిస్టల్ పెద్దదైపోతుంది.

9 ఎం.ఎం. గరిష్ఠ పీడనం 35,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), +పికి 38,500. పొట్టి బ్యారెల్‌లో వేగం లాభం కొంచెమే, చప్పుడూ కుదుపూ దండిగా. పొట్టి బ్యారెల్ కోసమే చేసిన హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండే) రౌండ్లున్నాయి, అవి చాలు.

అపోహ: నూనె ఎంత పోస్తే అంత సాఫీ.

స్లైడ్ జారే పట్టాల మీద నాలుగుచోట్ల ఒక్కో చుక్క, బ్యారెల్ ముక్కు చుట్టూ ఒకటి. స్ట్రైకర్ గొట్టంలో మాత్రం చుక్క కూడా వద్దు. అక్కడ నూనె బట్టల నూగుతో కలిసి ముద్దయితే దెబ్బ బలం తగ్గుతుంది. హ్యూస్టన్ చెమటకి బయట తుప్పు త్వరగా వస్తుంది, వారానికోసారి నూనె గుడ్డతో తుడవండి.

అపోహ: హెచ్-1బిలో ఉన్నా, టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి కొనుక్కోవచ్చు.

తెలుగువాళ్ళకి అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 నిండిన అర్హులకి పర్మిట్ లేకుండా పిస్టల్ నడుముకి పెట్టుకోవచ్చన్నది నిజం. కానీ హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళకి తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదమైనా పరిస్థితి మారదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం ప్రధానమైన మినహాయింపు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఫారం 4473 (తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే ఫారం) నింపి, తనిఖీ దాటితే కొనుక్కోవచ్చు. ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి హెచ్-4 ఉన్న ఇంట్లో పెట్టె తాళంచెవి రెండోవాళ్ళకి అందకూడదు.

రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో మేగజైన్ పరిమితి పది, కాబట్టి మేగజైన్ వరకు చూస్తే పీ365తో వచ్చిన పది రౌండ్లది సరే, 12, 15 రౌండ్లవి ఇంట్లోనే వదిలెయ్యాలి.

అపోహ: ఇండియా ప్రయాణానికి పిస్టల్ ఇంట్లో పెట్టేస్తే చాలు.

రేంజ్‌కి వాడే బ్యాగునే క్యాబిన్ బ్యాగుగా తేవొద్దు. లైనింగ్‌లో జారిపోయిన ఒక్క రౌండ్ తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు, విమానం తప్పడం ఖాయం. తెలియక ఉండిపోయిందని కోర్టులు కొట్టేసిన కేసులున్నాయి, ఆ లోపు వాయిదాలూ వకీలు ఫీజులూ తప్పవు. తిరిగొచ్చి స్థిరపడుతూ పిస్టల్ వెంట తెచ్చుకుందామన్నా కుదరదు, ఇండియాలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్ (మామూలు జనానికి అనుమతి లేని తూటా సైజు).